శుశ్రూష

‘శుశ్రూష’ అనే మాట మన నోట తరచుగా వినబడుతుంది. గురుశుశ్రూష అంటాము, తల్లిదండ్రుల శుశ్రూష అంటాము, రోగికి శుశ్రూష అంటాము. సేవ అనే అర్థాన్నే మన నిఘంటువులు ముందు చూపుతాయి. కాని ఆ మాట పుట్టుక వేరు. సంస్కృతంలో ‘శ్రు’ అనే ధాతువుకు వినడమని అర్థం. దానికి ఇచ్ఛను తెలిపే ప్రత్యయం చేరగా ‘శుశ్రూష’ అయినది. అనగా వినవలెనన్న కోరిక. గురువు చెప్పేది వినగోరినవాడు శిష్యుడు. విన్నవాడు విన్నట్లు నడుచుకుంటాడు గనుక ఆ మాటకు క్రమంగా సేవ అన్న అర్థం స్థిరపడినది. వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయులకు ఇందులో క్రొత్త ఏమీ లేదు. అయితే ఈ మాటను ఆసుపత్రి మంచం దగ్గరకు తీసుకొనివెళ్ళి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. అక్కడ చెప్పేదెవరు? వినవలసినదెవరు? మనకు అలవాటైన దృశ్యంలో వైద్యుడు చెబుతాడు, నర్సు చెబుతుంది, రోగి వింటాడు. మాటలోని అర్థం మాత్రం తిరగబడి ఉన్నది. శుశ్రూష చేసే మనిషే వినగోరవలె, చెప్పవలసినవాడు రోగి.

ఈ ఒక్క సంగతిపైనే ఒక సిద్ధాంతాన్ని నిర్మించిన విదుషీమణి అమెరికాలో ఉన్నారు. ఆమె పేరు జీన్ వాట్సన్. కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలుగా పనిచేసిన ఆమె 1979లో ‘నర్సింగ్: ది ఫిలాసఫీ అండ్ సైన్స్ ఆఫ్ కేరింగ్’ అనే గ్రంథం ప్రకటించారు. దానికి మానవీయ పరిచర్యా సిద్ధాంతమని మనం పేరు పెట్టుకోవచ్చును. నేడు మన రాష్ట్రంలోని నర్సింగ్ కళాశాలల విద్యార్థినులకు ఆ పేరు పాఠ్యవిషయం. వైద్యశాస్త్రం రోగాన్ని నయం చేయడాన్ని గురించి ఆలోచిస్తుంది; నర్సింగ్ శాస్త్రానికి తనదంటూ ఒక విషయం ఉన్నదా, లేక అది వైద్యుని ఆజ్ఞలను అమలు జరిపే చేతిపని మాత్రమేనా అన్నది ఆమె వేసుకున్న ప్రశ్న. ఉన్నదనీ, ఆ విషయం పరిచర్యయే అనీ ఆమె సమాధానం.

మన తెలుగులో ఈ భేదం చెప్పడానికి చక్కని మాటలున్నవి. ‘నయం చేయడం’ ఒకటి, ‘కనిపెట్టుకొని ఉండడం’ వేరొకటి. జబ్బు నయమైనా కాకపోయినా మనిషిని కనిపెట్టుకొని ఉండవచ్చును. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినవారిని పలకరించేటప్పుడు మనవారు అడిగే మొదటి ప్రశ్న ‘ఏమి మందులిచ్చారు?’ అన్నది కాదు, ‘బాగా చూసుకున్నారా?’ అన్నది. చూడడం వేరు, చూసుకోవడం వేరు. ఆ ‘కొను’ అనే చిన్న ధాతువు చేరడంతో ఎదుటి మనిషి మన బాధ్యతలోకి వస్తాడు. వాట్సన్ తన గ్రంథంలో చెప్పదలచినదానిలో సగం ఈ క్రియలోనే ఉన్నదంటే అతిశయోక్తి కావచ్చు. అబద్ధం మాత్రం కాదు.

మన ప్రాచీనులు ఈ విషయం ఎరుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలున్నవని చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. పరిచారకునికి ఉండవలసిన నాలుగు గుణాలు ఏవంటే: ఉపచారం చేసే పద్ధతి తెలిసి ఉండడం, దక్షత, శుచి, రోగిపై అనురాగం. ఈ నాలుగవది చదువరులు కొంచెం ఆగి చూడదగినది. వైద్యునికి శాస్త్రజ్ఞానం, అనుభవం, దక్షత, శుచి కావలెనన్న గ్రంథకర్త, అనురాగాన్ని మాత్రం పరిచారకుని గుణాలలో చేర్చాడు. అది పరిచారకుని స్వభావంలో ఉంటే ఉండనీ అని వదలివేయలేదు. పనికి కావలసిన అర్హతగా లెక్కవేశాడు. అంతవరకు గొప్ప విషయమే. అయితే ఆ పరిచారకులెవరో, వారికి ఎవరు నేర్పారో, వారి పేర్లేమిటో మన గ్రంథాలు చెప్పవు. సూత్రం మిగిలినది, మనుష్యులు మిగలలేదు.

వాట్సన్ తన సిద్ధాంతంలో పది అంశాలను పేర్కొన్నారు. పదింటినీ ఇక్కడ ఏకరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. వాటిలో కొన్ని ఏ మతగ్రంథంలోనైనా కనబడేవే: పరుల మేలు కోరడం, ఆశను నిలబెట్టడం, తన మనస్సును తాను ఎరిగి ఉండడం. కొన్ని మాత్రం నిజంగా వృత్తికి సంబంధించినవి, నిశితమైనవి. రోగి తన కోపాన్నీ, నిరాశనూ, భయాన్నీ బయటపెట్టడానికి చోటివ్వవలెనంటారు ఆమె. ‘ఏడవకండి, ధైర్యంగా ఉండండి’ అని నోరు మూయించడం పరిచర్య కాదు. సమస్యను పరిష్కరించడంలో శాస్త్రపద్ధతితోపాటు కల్పనాశక్తిని ఉపయోగించవలెనంటారు. నేర్పడమూ నేర్చుకోవడమూ ఇరుప్రక్కలా జరగవలెనంటారు. ఇది ఉపాధ్యాయులకు తమ తరగతి గదిని గుర్తుకు తేగల మాట. రోగి చుట్టూ ఉన్న గాలి, వెలుతురు, శబ్దం, మర్యాద, ఏకాంతం అన్నీ స్వస్థతలో భాగమేనంటారు. ఇవన్నీ కలిసే చోటును ఆమె ‘పరిచర్యా క్షణం’ అన్నారు. ఇద్దరు మనుష్యులు తమ తమ జీవితచరిత్రలతో వచ్చి ఒక చోట కలుసుకుంటారు. ఆ కలయికలో రోగి ఒక్కడే కాక నర్సు కూడా కొంత మారుతుంది. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ ప్రభావం ఆమెపై ఉన్నదని పండితులు చెబుతారు. తరువాత తరువాత ఆమె ఈ అంశాలకు ‘కారితాస్’ అనే లాటిన్ మాటను చేర్చారు. ప్రేమ, ఆదరణ అని దాని అర్థం. మన ‘కారుణ్యం’తో ఆ మాటకు చుట్టరికం లేకపోయినా, చెవికి మాత్రం దగ్గరి బంధువులాగే వినిపిస్తుంది.

ఇది గ్రంథాలయంలో కూర్చుండి అల్లిన సిద్ధాంతమని కొందరు ఆక్షేపించారు. మరీ అమూర్తంగా ఉన్నదనీ, ప్రేమను ఏ కొలపాత్రతో కొలుస్తారనీ అడిగారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయం లేకపోలేదు. ఆమె రచనలలో కొన్ని పుటలు వేదాంతం వైపు జరిగిపోతాయి. కాని ఆమె జీవితమే ఆ సిద్ధాంతాన్ని పరీక్షించినది. 1997లో ఒక ప్రమాదంలో ఆమె ఎడమ కన్ను పోయినది. మరుసటి సంవత్సరం భర్త మరణించారు. తాను వ్రాసినదానిని మంచం మీద పడుకొని ఇతరుల చేతులలో అనుభవించవలసి వచ్చినది.

సిద్ధాంతాన్ని విడిచి మన గడ్డమీదికి వద్దాము. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి బోదకాలు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. సంతలో, రేవులో, రథోత్సవంలో, తిరునాళ్ళలో ఏనుగుకాలువంటి కాలును ఈడ్చుకుంటూ నడిచే పెద్దవారిని మనం చిన్నతనంనుంచి చూస్తూనే ఉన్నాము. ఆనకట్ట వచ్చినది, కాలువలు వచ్చినవి, మూడు కాలాలా పచ్చదనం వచ్చినది. ఆ నీటితోపాటు మురుగు నిలిచే పల్లాలూ దోమలూ కూడ వృద్ధిచెందినవి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు దారపు పోగులవంటి సన్నని క్రిములు శరీరంలో ప్రవేశించి, శోషరసనాళాలలో కాపురం పెడతాయి. వాటి పిల్లలు పగలు ఎక్కడో దాగి, రాత్రివేళ నెత్తురులో తిరుగుతాయి. అందువల్లనే ఈ జబ్బును పరీక్షించే ఉద్యోగులు ప్రొద్దుపోయిన తరువాత, దీపాలార్పే వేళకు వచ్చి తలుపు తట్టి, వ్రేలి కొననుంచి నెత్తుటి చుక్క తీసుకొనిపోయేవారు. పెద్దలు విసుక్కొనేవారు, పిల్లలు మంచాల క్రింద దూరేవారు. 1955లో దేశంలో ఫైలేరియా నివారణకు జాతీయ కార్యక్రమం ఆరంభమైనది. ఈ జబ్బును గురించి పరిశోధించి ఉద్యోగులకు శిక్షణనివ్వడానికి దేశంలో ఎన్నుకొన్న పట్టణాలలో రాజమహేంద్రవరం ఒకటి. తక్కినవి కోళిక్కోడు, వారణాసి. 2004 నుంచి ఏడాదికొకసారి ఊరందరిచేత మాత్రలు మ్రింగించే పద్ధతి దేశవ్యాప్తంగా వచ్చినది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయమున్నది. ఆ మాత్రలు నెత్తురులోని క్రిమిసంతతిని చంపుతాయి. జబ్బు ఇతరులకు ప్రాకకుండా ఆపుతాయి. కాని ఒకసారి నాళాలు చెడి, కాలు లావెక్కి, చర్మం మడతలుపడి గట్టిపడిన తరువాత ఏ మాత్రా దానిని పూర్వస్థితికి తీసుకొనిరాలేదు. నయం చేయడం అన్న మాట అక్కడితో ఆగిపోతుంది. అయితే చేయగలిగినది ఏమీ లేదా? చాలా ఉన్నది. ప్రతిదినం సబ్బుతో చల్లని శుభ్రమైన నీటితో కాలు కడగవలె. మడతల మధ్యా, వ్రేళ్ళ సందులలోనూ మెత్తని గుడ్డతో నెమ్మదిగా తడి అద్దవలె. పగుళ్ళకూ పుండ్లకూ మందు పూయవలె. పడుకొన్నప్పుడు కాలును ఎత్తుమీద ఉంచవలె. చీలమండను పైకీ క్రిందికీ ఆడించవలె. కాళ్ళకు మెత్తని చెప్పులు తొడగవలె. ఇంతే. ఇది చేసినవారికి, పుండ్లలోనుంచి సూక్ష్మజీవులు ప్రవేశించి మాటిమాటికీ వచ్చే చలిజ్వరమూ, గజ్జలలో బిళ్ళలూ, కాలుమంటా తగ్గుతాయి. కూలికి వెళ్ళగలుగుతారు. వాసన పోతుంది, వాసన పోవడంతో పదిమంది మధ్య కూర్చోగలుగుతారు.

ఈ పనిని నోటితో చెప్పి నేర్పడం కష్టం. కాలు కడుక్కోవడం ఎరగనివాడెవడు? ‘మాకు తెలుసులెండి’ అంటారు. అందుచేత పని తెలిసిన నర్సు మొదటిసారి తానే క్రింద కూర్చుండి, బేసిన్ ముందుంచుకొని, రోగి కాలు తన చేతిలోకి తీసుకొని కడుగుతుంది. ఏ మడతలో మట్టి నిలుస్తుందో వ్రేలితో చూపుతుంది. ఎన్నో సంవత్సరాలుగా పరాయి మనిషి ముట్టని కాలు అది. కట్టుకొన్నవారే ముక్కు మూసుకొన్న కాలు. ఆ చేయి తగిలినప్పుడు చాలమంది మొదట చేసే పని కాలు వెనక్కు లాక్కోవడం. ‘వద్దమ్మా, నువ్వెందుకు ముట్టుకోవడం’ అంటారు. వాట్సన్ చెప్పిన పరిచర్యా క్షణానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఆమె దేశంలో దొరుకుతుందో లేదో నాకు సందేహమే. పెండ్లిపీటలమీద అల్లుని కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడిగి ఆ నీళ్ళు తలమీద చల్లుకొనే జాతి మనది. అతిథి గడపలో అడుగుపెడితే చెంబుతో నీళ్ళిచ్చే సంప్రదాయం మనది. జబ్బుపడిన కాలు దగ్గర మాత్రం మన సంప్రదాయం తటపటాయించినది.

ఈ తటపటాయింపును గురించి దాపరికం లేకుండా చెప్పుకోవలె. ముట్టుకోవడమనేది పరిచర్యకు ప్రాణం. మన సంఘంలో ముట్టుకోవడం, ముట్టుకోకపోవడం కులంతో ముడిపడి ఉండేది. బిడ్డ అడ్డం తిరిగిందంటే అర్ధరాత్రివేళ మంత్రసాని ఇంటికి మనిషి పరుగెత్తేవాడు. తల్లీబిడ్డలను ఒడ్డుకు చేర్చిన ఆ చేతులనే తెల్లవారిన తరువాత వంటింటి గడపకు అవతల ఉంచేవారు. కుష్ఠురోగుల విషయం చెప్పనే అక్కరలేదు. రామచంద్రపురంలో కెనడా దేశపు బాప్టిస్టు సంఘానికి చెందిన ఇసబెల్ హాచ్ అనే ఆమె వారికి ఆశ్రయం కల్పించారు. నరసాపురంలోనూ అటువంటి ఆసుపత్రి వెలసినది. రాజమహేంద్రవరంలో లూథరన్ మిషన్‌వారు ఇరువదవ శతాబ్ది ఆరంభంలో స్త్రీలకూ శిశువులకూ ఆసుపత్రి నెలకొల్పారు. మగవైద్యుని ఎదుటికి రాని స్త్రీలకు ఆ గుమ్మం తెరచుకొన్నది. మిషన్‌వారి మతోద్దేశాల గురించి భిన్నాభిప్రాయాలు ఉండవచ్చును. కాని మన ప్రాంతంలో నర్సు పనికి మొదట ముందుకు వచ్చిన బాలికలలో చాలమంది, సంఘం ఏ పనిలోనూ గౌరవమివ్వని ఇండ్లనుంచి వచ్చినవారు. నర్సు ఉద్యోగాన్ని మన గ్రామాలు ఎంతోకాలం చిన్నచూపు చూడడానికి ఇది ఒక కారణమనే నా అభిప్రాయం.

డెల్టాకూ నర్సింగ్‌కూ మధ్య మరొక సంబంధమున్నది. అది చాలమందికి తెలియదు. క్రిమియా యుద్ధంలో 1854లో ముప్ఫైయెనిమిది మంది నర్సులతో స్కుటారి ఆసుపత్రికి వెళ్ళిన ఫ్లారెన్స్ నైటింగేల్ కథ పాఠ్యపుస్తకాలలో చదివినదే. 1860లో లండనులో ఆమె పేర నర్సుల పాఠశాల వెలసినది కూడ తెలిసినదే. ఆమె మన దేశానికి ఎన్నడూ రాలేదు. అయినను సుమారు నలుబది సంవత్సరాలు మన దేశపు ఆరోగ్యాన్ని గురించీ, కరవులను గురించీ వ్రాస్తూనే ఉన్నారు. మన కాటన్ దొరతో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరాలుండేవి. కాలువలు త్రవ్వించవలెనన్న ఆయన వాదాన్ని ఆమె గట్టిగా సమర్థించారు. 1873లో ఆమె ఒక సభకు పంపిన వ్యాసానికి ‘లైఫ్ ఆర్ డెత్ ఇన్ ఇండియా’ అని పేరు పెట్టి, దానికి నీటిపారుదలను గురించి అనుబంధం చేర్చారు. నర్సుకు కాలువలతో ఏమి పని అని అనిపించవచ్చును. 1821లో ఏడు లక్షలకు పైబడి ఉన్న రాజమహేంద్రవరం జిల్లా జనసంఖ్య కరవులవల్ల 1841 నాటికి ఐదున్నర లక్షల ప్రాంతానికి దిగజారినది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయినది. ఆ నీరే ఇక్కడి మనుష్యులను బ్రతికించినది. ఆకలితో ఉన్నవాని నాడి పట్టుకొని చూడడం పరిచర్య కాదని నైటింగేల్ గ్రహించారు. నీరు తేవడమూ, తెచ్చిన నీటిని మురుగు కాకుండా పారించడమూ రెండూ ఆమె దృష్టిలో ఆరోగ్యానికి సంబంధించినవే. రెండవ పనిని మనం ఎంత బాగా చేశామో మన ఊళ్ళ మురుగుకాలువలే చెబుతాయి.

మడలీన్ లైనింజర్ అనే మరొక అమెరికా విదుషి పరిచర్య అన్నది ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క రూపం ధరిస్తుందని వాదించారు. ఆమె నర్సూ, మానవశాస్త్రజ్ఞురాలూ కూడ. న్యూగినీ కొండజాతుల మధ్య నివసించి పరిశీలించారు. ఆమె మాట ఎంత నిజమో చూపే సంగతి ఒకటి డెల్టాలోని ఒక ఆసుపత్రిలో నా కంట పడినది. కార్తికమాసం, సోమవారం. మధుమేహంతో చేరిన ఒక మామ్మగారు ఉదయంనుంచి ఏమీ ముట్టడం లేదు. ఇన్సులిన్ వేళ దాటిపోతున్నది. ఆహారం లేకుండా ఇన్సులిన్ ఇస్తే నెత్తురులో చక్కెర పడిపోయి ప్రాణాపాయం. కొడుకు కసురుకొన్నాడు, కోడలు బ్రతిమాలినది. ప్రక్క మంచం ఆవిడ భయపెట్టినది. అప్పుడు డ్యూటీలోకి వచ్చిన నర్సమ్మ మంచం ప్రక్క స్టూలు లాక్కొని కూర్చుండి, ‘ఎన్నేళ్ళనుంచి ఉంటున్నారండీ మామ్మగారూ, సోమవారాలు?’ అని అడిగినది. ముసలామె ముఖం వికసించినది. పెండ్లయిన ఏడాదినుంచి నక్షత్రం చూచేదాకా ఉపవాసమట. భర్త పోయిన ఏడూ మానలేదట. ఆమెకు కావలసినది అన్నం మానడం కాదు, వ్రతం చెడకపోవడం. పాలూ పండూ వ్రతానికి అభ్యంతరం కావని ఆమె నోటనే చెప్పించి, నర్సమ్మ వెళ్ళి డాక్టరుగారితో మాట్లాడి మందు మోతాదూ వేళా మార్పించినది. సాయంత్రం చుక్క పొడిచిన వేళకు కుర్చీలో కూర్చుండబెట్టి వరండాలోకి తెచ్చి ఆకాశం చూపించినది. అంతా కలిపి పావుగంట పని. సమస్యాపరిష్కారంలో కల్పనాశక్తి, నేర్చుకొంటూ నేర్పడం, రోగి విశ్వాసాన్ని మన్నించడం అని సిద్ధాంతగ్రంథం వేరువేరు శీర్షికల క్రింద చెప్పినదంతా ఆ పావుగంటలో ఉన్నది. (అన్నట్లు, మా గోదావరి జిల్లాల నర్సులు సూది గుచ్చేటప్పుడు కూడ ‘అండీ’ అనడం మానరు. ‘ఆయ్, అయిపోయిందండీ’ అంటే నొప్పి సగం తగ్గుతుందని పొరుగు జిల్లావారు కూడ ఒప్పుకొన్నారు.)

ఆ పావుగంట ఎక్కడనుంచి వచ్చినదన్నది అసలు ప్రశ్న. ఆనాడు వార్డులో రోగులు తక్కువ, వచ్చినది. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సామాన్య ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండవలె. రాత్రివేళ పెద్ద వార్డు ద్వారం దగ్గర నిలబడి మంచాలనూ, మంచాల మధ్య నేలమీది చాపలనూ, తెల్లదుస్తుల వారినీ లెక్కపెట్టినవారికి ఆ ప్రమాణానికీ మన కంటికి కనబడేదానికీ ఎంత దూరమో తెలుస్తుంది. మిగిలిన పని ఎవరు చేస్తున్నారు? రోగి వెంట వచ్చిన తల్లి, చెల్లెలు, కోడలు. సెలైను సీసా అయిపోవస్తున్నదని నర్సును పిలిచేదీ, ప్రక్క మార్చేదీ, తొట్టి తీసేదీ వారే. ఎవరూ లేని రోగి సంగతి చెప్పనక్కరలేదు.

కనుక వాట్సన్ సిద్ధాంతాన్ని మనం చేతిలోకి తీసుకొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పరిచర్య అంటే ప్రేమ అన్న మాటను యాజమాన్యాలు తమకు అనుకూలంగా త్రిప్పుకోగలవు. ప్రేమతో చేసే పనికి జీతమెందుకు, విశ్రాంతి ఎందుకు అనగలవు. తల్లి ఎనిమిది గంటలే పనిచేస్తుందా అని అడుగగలవు. మన ఇండ్లలో స్త్రీలను శతాబ్దాల తరబడి పొగిడి పని చేయించుకొన్న పద్ధతి ఇదే. చరకుడు అనురాగంతోపాటు దక్షతనూ, ఉపచారజ్ఞానాన్నీ అడిగాడు. జ్ఞానం, నైపుణ్యం అడిగినప్పుడు వాటికి తగిన వేతనమూ, వేళా, అధికారమూ ఇవ్వవలసి ఉంటుంది. నలుబదిమందిని ఒక్కతె చూసుకోవలసి వచ్చినప్పుడు ఆమె చూడగలదు, చూసుకోలేదు. అది ఆమె హృదయదోషం కాదు, లెక్కలదోషం. ప్రభుత్వంవారు శిక్షణాతరగతులలో కరుణను బోధించడం మంచిదే. ఖాళీ ఉద్యోగాలను నింపడం అంతకంటె మంచిది.

ఉభయ గోదావరి జిల్లాలనుంచి కువైట్, మస్కట్ మొదలైన చోట్లకు పోయిన స్త్రీలను ఇక్కడ తలచుకోకుండా ఉండలేము. కోనసీమలో అటువంటి ఇల్లు లేని ఊరు అరుదు. అక్కడి ఇండ్లలో వారు పసిపిల్లలను పెంచుతున్నారు, మంచంపట్టిన ముసలివారిని ఎత్తి స్నానం చేయిస్తున్నారు. చేసేది పరిచర్యయే, కాగితంమీద పేరు పనిమనిషి. శిక్షణ లేదు, పట్టా లేదు, రక్షణ అంతంతమాత్రం. వారు పంపిన సొమ్ముతో ఇక్కడ డాబాలు లేచినవి. ఆ డాబాలలో వారి తల్లులను చూసుకొనేవారు ఎవరన్నది వేరు ప్రశ్న.

ఈ విషయంలో దారి చూపిన మనిషి మన రాజమహేంద్రవరంలోనే పుట్టినది. 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు చిన్నవయస్సులోనే పెండ్లి చేసిన కాలపు మనిషి. ఆ బంధాన్ని వదలుకొని, ఉద్యమంలో చేరి, జైలులో ఏకాంతవాసం అనుభవించి, తరువాత చదువుకొని న్యాయవాది అయినారు. రాజ్యాంగసభలో కూర్చున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించి, చదువు ఆగిపోయిన స్త్రీలను బెనారసు మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేశారు. ఆ సభ తరువాత ఆసుపత్రినీ, నర్సుల శిక్షణనూ చేపట్టినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనప్పుడు దేశమంతటా గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు కావలసివచ్చారు. వితంతువులు, భర్తలు విడిచినవారు పని కోరుతున్నారు. కాని వారికి శిక్షణలో చేరడానికి కావలసిన మెట్రిక్ చదువు లేదు. ఆ రెండు కొసలనూ ముడివేస్తూ 1958లో స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాలు ప్రారంభమైనవి. సంవత్సరాల చదువును రెండేండ్లకు కుదించి, వయస్సు మీరిన స్త్రీలను పరీక్షకు కూర్చుండబెట్టే పథకం అది. నర్సుకు కావలసినది మంచి మనస్సు ఒక్కటే అని ఆమె అనుకొని ఉంటే ఈ పథకం పుట్టేది కాదు. మనస్సు ఆ స్త్రీలకు ముందే ఉన్నది. లేనిది చదువు, చదివించే ఏర్పాటు.

నేడు ఆ ఏర్పాటుకు కొరత లేదు. రెండేండ్ల సహాయక నర్సు శిక్షణ, మూడేండ్ల డిప్లొమా, నాలుగేండ్ల బి.ఎస్‌సి. ఉన్నవి. డిప్లొమా, బి.ఎస్‌సి. తరగతులలో పురుషులకు కూడ ప్రవేశమున్నది. కాని పదవ తరగతి బాలికను ఏమి చదువుతావని అడిగితే ‘డాక్టరు’ అని చెప్పేవారు పదిమంది ఉంటే, ‘నర్సు’ అనేవారు ఒక్కరు దొరకడం కష్టం. ఆ ఒక్కరూ నోట్లోనే గొణుగుతారు. బాలుడైతే తరగతి గొల్లుమంటుంది. ఉపాధ్యాయులు ఆ నవ్వును ఏమి చేస్తారన్నదానిమీద కొంత ఆధారపడి ఉన్నది. కాలు కడగడానికి శోషరసనాళాలను గురించి తెలియవలెనని, ఉపవాసముండే మామ్మగారిని కాపాడడానికి ఇన్సులిన్ పనిచేసే తీరు తెలియవలెనని జీవశాస్త్రం బోధించే పంతులుగారు ఒకసారి చెబితే, అది పాఠ్యప్రణాళికకు బయటి విషయం కాదు.

ప్రతి గ్రామానికీ ఒక ఏ.ఎన్.ఎం. ఉన్నది. లంకగ్రామాలలోనైతే గోదావరి ఎర్రనీరు ఎక్కినప్పుడు నాటుపడవలో టీకాల పెట్టె ఒడిలో పెట్టుకొని వస్తుంది. ప్రసవం దగ్గరపడిన స్త్రీలను వరద ముదరకముందే లెక్కచూసి ఒడ్డుకు చేర్పించడం ఆమె పనులలో ఒకటి. ఎవరు ఏ నెలలో ఉన్నదీ, ఎవరి అత్త పడవ ఎక్కనివ్వదో, ఏ ఇంటి మగవాడు ఊళ్ళో లేడో ఆమెకు తెలుసు. బడికి ఒక గంట రమ్మని కబురుపెడితే తీరిక చూసుకొని వస్తుంది. ఆమె రిజిస్టరు బల్లమీద పెట్టి, దానిలోని గళ్ళు ఏమిటో, గళ్ళలో పట్టనిది ఏమిటో పిల్లలనే అడగనివ్వవచ్చును. మొదటి ప్రశ్న మాత్రం సూది నొప్పిపెడుతుందా అన్నదే అవుతుంది.